ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? (అధ్యక్షోపన్యాసం)

తాడేపల్లిలో గాత్రశిక్షణ మీద సదస్సు పెట్టి ఈ కుర్చీ నాకిచ్చారంటే, నేనేం మాట్లాడతానో నిర్వాహకులకు తెలియక కాదు. పొద్దుటి నుంచీ ఉదరశ్వాస మీద పత్రం తరువాత పత్రం చదివారు. ఊపిరి నిండుగా ఎలా పీల్చాలో చెప్పారు. పీల్చింది ఎలా వదలాలో, పద్యంలో ఏ చోట పీల్చాలో ఒక్కరూ చెప్పలేదు. నా తగువంతా అక్కడే.

డయాఫ్రమ్ గాలిని లోపలికి తీసుకునే కండరం. పాడేటప్పుడు అది సడలుతుంటే పక్కటెముకల మధ్య కండరాలూ పొట్ట కండరాలూ గాలిని కొలిచి వదలాలి. అవసరానికి మించి పీలిస్తే ఆ ఒత్తిడిని ఆపడానికి గొంతు బిగుస్తుంది. గాలి అయిపోయాక లాగినా మెడ, దవడ, నాలుక మొదలు బిగుస్తాయి. ‘కడుపుతో తొయ్యి’ అనే మిత్రులు ఆ బిగువుకి ఇంకాస్త బలం చేకూరుస్తున్నారు.

బిగువు గురించిన ఈ మాటంతా పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చుకున్నదనే పండితులు సంగీత రత్నాకరం ప్రకీర్ణకాధ్యాయం మళ్లీ తెరవాలి. 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు గాయక దోషాలు 25 చెప్పాడు. పళ్లు బిగించి పాడేవాణ్ణి, మెడ ఎత్తేవాణ్ణి, మెడ వంచేవాణ్ణి, బుగ్గలు పూరించేవాణ్ణి, ముఖాన నరాలు ఉబ్బేవాణ్ణి విడివిడిగా పేరుపెట్టి పట్టుకున్నాడు. పాశ్చాత్యుల్లో మాన్యుయెల్ గార్సియా అద్దం పెట్టి స్వరతంత్రులను చూసింది ఆ తరువాత ఎప్పటికో, 1854లో.

ఇక నా అసలు గొడవ. సంస్కృతంలో యతి అంటే విరామం; మన తెలుగులో అక్షరమైత్రి. అయినా ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర ఆగమనే గురువులు ఇంకా ఉన్నారు. అక్కడ మాట సగంలో ఉండవచ్చు. పాదాంతంలోనూ మాట తెగకపోవచ్చు. అక్కడ ఊపిరి తీస్తే అర్థం విరుగుతుంది. తీయకుండా ఈడిస్తే గొంతు పట్టేస్తుంది. అన్వయం ఎక్కడ తెగుతుందో తెలియనివాడికి ఎంత ఊపిరీ చాలదు. గాత్రశిక్షణ అన్వయ పాఠంతోనే మొదలవ్వాలంటాను. నవ్వండి, పర్వాలేదు.

ఈ పత్తి, మిరప ఊళ్లల్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు నాటకాలు తెల్లవార్లూ చూసి పెరిగినవాళ్లం మనం. వన్స్‌మోర్ కోసం పద్యం చివర రాగం లాగే నటుల మెడనరాలు వెనక వరసకు కూడా కనిపించేవి. మన సుద్దపల్లి కల్యాణం రఘురామయ్యగారు (1901–1975) మాత్రం పద్యం పాడి, దాన్నే వేలు నోట పెట్టి ఈలతో వినిపించేవారు. ఈలకు స్వరతంత్రుల కంపనంతో పనిలేదు. గాలి కొలతా నోటి అమరికా చాలు. ఊపిరిని గొంతు నుంచి విడదీసి చూపించిన పాఠం అది. మనం చప్పట్లు కొట్టి ఊరుకున్నాం. తరువాత మన కరుణశ్రీ పుష్పవిలాపాన్ని ఘంటసాల రాగం కురచ చేసి, అర్థం తెగే చోట ఆగి పాడితే, ఇది పద్యం పాడటమేనా అన్న పెద్దల్ని ఎరుగుదును. ఆ పెద్దల శిష్యుల్లో కొందరు ఈ సభలోనే ఉన్నారు.

పరిశోధన అంటే యంత్రాలు కొనడమే అనుకోకండి. పాత గ్రామఫోన్ రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. ఒక పద్యం తీసుకోండి. గాయకుడు ఊపిరి తీసిన చోటల్లా గీత పెట్టండి. అదే పద్యం ఇంకొకరు పాడినది పక్కన పెట్టి, ఎవరి గీత అన్వయం మీద పడిందో, ఎవరి గొంతు ఎక్కడ బిగిసిందో వినండి. ఇంత చిన్న పని ఎవరూ చేపట్టకపోవడమే నా బాధ. రికార్డులు అరిగిపోతున్నాయి, విన్నవాళ్లం వెళ్లిపోతున్నాం. వచ్చే సదస్సుకు పది పద్యాలకు ఆ గీతలు పెట్టి తెచ్చినవారికి నా ప్రసంగ సమయం మొత్తం ఇచ్చేస్తాను. ఉదరశ్వాస మీద ఇంకో పత్రం మాత్రం తేవద్దు.