బాలింత మనోవ్యాధి: తల్లీబిడ్డల వైద్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



బిడ్డ పుట్టిన యింట సంతోషము నిండియుండును. మూడవనాడో నాలుగవనాడో బాలింతకు నిద్ర పట్టదు. వచ్చినవారితో ఎడతెగక మాటలాడును. లేదా పిలిచినను పలుకదు. బిడ్డ తనది కాదనును. తన అన్నములో ఎవరో విషము కలిపిరనును. అప్పుడు పెద్దలు గాలి సోకినదందురు, లేక వాతము కమ్మినదందురు. ఒకరు తాయెత్తుకొరకును, మరియొకరు భూతవైద్యునికొరకును పరుగెత్తుదురు. బిడ్డను మాత్రము తల్లి యొడినుండి తీసి అమ్మమ్మ చేతికిత్తురు.

ఇది వ్యాధి. ఇందు ఆ తల్లి దోషము లేదు. ఆమెను పెంచినవారి దోషమును లేదు. ప్రసవించిన వేయిమందిలో ఒకరికో యిద్దరికో ఇది వచ్చును. తరచుగా మొదటి రెండు వారములలోనే బయటపడును. సకాలమున చికిత్స జరిగినచో చాలమంది పూర్తిగా కోలుకొందురు. ఆలస్యమైనచో రెండు ప్రాణములకును అపాయము కలదు.

దీనికంటె నెమ్మదిగా వచ్చునది మరియొకటి కలదు. అందు కేకలుండవు, పెనుగులాట యుండదు. తల్లి గోడవైపు తిరిగి పరుండును. బిడ్డ యేడ్చినను చేయి సాచదు. తాను చెడ్డతల్లినని లోలోపల కుములును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ప్రసవించిన స్త్రీలలో నూటికి 13 మందికి మనోవ్యాధి కలుగుచున్నది. వానిలో మిక్కిలి సాధారణమైనది ఈ దిగులు జబ్బే. వర్ధమాన దేశములలో ఆ సంఖ్య 20కి చేరుచున్నది. ఇంటివారు దీనిని బాలింత నీరసమని త్రోసివేయుదురు. దీనిని పసిగట్టుటకు 1987లో ఎడింబరో పేర నొక ప్రశ్నావళి వెలువడినది. అందు ప్రశ్నలు పదియే. తనకు తాను హాని చేసికొనవలెనను తలంపు వచ్చినదా యనునది పదియవది. అడుగుటకు పెద్ద పరికరమేదియు నక్కరలేదు; అడుగువారే కరవు.

పూర్వము ఆస్పత్రులలో తల్లిని లోపల చేర్చుకొని బిడ్డను ఇంటికి పంపుచుండిరి. భద్రతకొరకే యట్లు చేసిరనుట నిజమే. కాని పాలు ఇంకిపోవుచుండెను. నెలలు గడచి తల్లి తిరిగివచ్చునప్పటికి బిడ్డ మరియొకరి మెడ కరచుకొని యుండెడిది. తల్లికి జబ్బు కుదిరినను చనువు కుదురుట కష్టమయ్యెడిది. 1948లో ఇంగ్లండునందలి కాసెల్ ఆస్పత్రిలో టి. ఎఫ్. మెయిన్ అను వైద్యుడు ఒక తల్లిని బిడ్డతో గూడ చేర్చుకొనెను. తరువాత 1950-60 నడుమ ఆ దేశమున తల్లీబిడ్డలకు ప్రత్యేకమైన వార్డులు వెలసినవి.

మన దేశమున నట్టి వార్డు బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 2009లో అయిదు మంచములతో ప్రారంభమైనది. ఆ సంస్థ రాయలసీమవారికి క్రొత్త కాదు. మనోవ్యాధిగ్రస్తులను వెంటబెట్టుకొని అనంతపురము, చిత్తూరు ప్రాంతములనుండి రైళ్లలోను, బస్సులలోను పోవువారు ఎందరో కలరు. ఈ వార్డులో తల్లికిని బిడ్డకును తోడుగా ఇంటి ఆడుదియొకతె యుండును. ఆమె తరచుగా రోగి తల్లియే. మొదటి దినములలో తల్లి యొద్ద బిడ్డను ఒంటరిగా విడువరు. నర్సు ప్రక్కన నిలిచి బిడ్డను పట్టుకొనుట, పాలిచ్చుట, స్నానము చేయించుట మెల్లమెల్లగా ఆమె చేతనే చేయింతురు. నిద్రలేమి ఈ వ్యాధిని పెంచును గనుక రాత్రివేళ బిడ్డను ఇతరులు చూచుకొని తల్లిని నిద్రింపజేయుదురు. కొన్ని మందులు పాలలోనికి దిగును, లిథియము అట్టిది. కనుక వైద్యులు పాలిచ్చు తల్లికి తగిన మందును ఎంచి యిత్తురు. మందు వాడుచున్నంత మాత్రమున పాలు మానిపింపవలెనని లేదు. ఇంటివారు తొందరపడి తమంతట తాము మందు మాన్పించుటయే ప్రమాదము.

ఇచ్చట మన యిండ్ల ఆచారమొకటి చెప్పక తప్పదు. బాలింతకు నీరు ఎక్కువ త్రాగనీయరాదందురు. ఒంటిలో నీరు తగ్గినచో రక్తము చిక్కబడి, మెదడు సిరలలో గడ్డకట్టు అవకాశము పెరుగును. అట్టి బాలింతకు తలనొప్పి, మూర్ఛ, మతిభ్రమణము కలుగవచ్చును. జ్వరము, రక్తహీనత, థైరాయిడు దోషము గూడ మనస్సును కలచును. అందుచేత మంచి వైద్యుడు మొదట దేహమును పరీక్షించును. వేపమండలతో కొట్టించిన దినములన్నియు ఆ పరీక్షకు పోయిన దినములే!

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మూడేండ్లలోపు బిడ్డను చికిత్స పొందు తల్లినుండి సాధారణముగా వేరుచేయరాదని శాసించినది. అపాయమున్నదని వైద్యుడు తలచినచో తాత్కాలికముగా వేరుచేయవచ్చును. అప్పుడును పర్యవేక్షణలో తల్లికి బిడ్డను చూపవలెను. ప్రతి 15 దినములకు ఆ నిర్ణయమును మరల విచారింపవలెను. వరుసగా 30 దినములు మించినచో అధికార మండలి అనుమతి కావలెను. ఈ చట్టమును చదివిన కుటుంబములు బహు తక్కువ. బిడ్డనెత్తుకొనిపోయి కోడలిని పుట్టింట దింపివచ్చు అత్తవారికి ఇది వినిపింపదగినది.

ఒకసారి మతి చలించిన స్త్రీకి మరుసటి కాన్పులో అది తిరిగివచ్చు అవకాశము హెచ్చు; సుమారు మూడవ వంతుమందికి తిరిగివచ్చును. అయినను పరువు పోవునను భయమున మొదటి సంగతిని దాచి కాన్పుకు తీసికొనిపోవుదురు. గర్భము ధరింపక మునుపే, లేదా నెల తప్పిన వెంటనే, వైద్యునికి చెప్పినచో ప్రసవమైన దినమునుండియే కాపాడు ఏర్పాటు చేయవచ్చును. ఆస్పత్రి దూరమైనవారికి 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ కలదు. 14416 సంఖ్యకు ఫోనుచేసినచో రాత్రియైనను, పగలైనను తెలుగులోనే మాటలాడవచ్చును, ఖర్చు లేదు.