తంజావూరు ఆయుధాగారమూ, మా అటకమీది కత్తీ
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది, పిల్లల పాటలూ అయినవి. ఇంత మంగళకరమైన దినాన కత్తులూ కటారుల ప్రసక్తి ఏమిటని మీలో కొందరికి తోచవచ్చు. నాకూ తోచింది. కాని కార్యదర్శిగారు, “పాత ఆయుధాలు పోగుచేస్తుంటారు గదా, ఆ సంగతే నాలుగు మాటలు చెప్పండి” అని పట్టుబట్టినారు. తప్పు నాది కాదని మనవి.

మొదట నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మా ఇంట్లో అటకమీద ఒక పొడవాటి కత్తి ఉండేది. నాయకరాజుల కాలంలో మా పూర్వులకు దక్కినదని మా తాతగారు చెప్పేవారు. దానికి ఆధారం నాకింతవరకు దొరకలేదు. ఏటా ఆయుధపూజకు దానిని దించి తుడిచి బొట్టు పెట్టేవారు. నాకు పన్నెండో ఏట ఆ పని నా వంతుకు వచ్చింది. తళతళలాడాలని చింతపండూ ఇటుకపొడీ వేసి ఒక పూటంతా తోమినాను. పిడి మెరిసింది. పిడిమీది సన్నని బంగారు తీగెలు మాత్రం నీళ్ళతో పోయినవి! ఉక్కుమీద సన్నసన్నని గీట్లు గీచి, ఆ గరుకుమీద బంగారాన్ని అదిమి పట్టించే పని అది. రాపిడికి నిలువదు. తాతగారు నన్నొక్క మాటా అనలేదు. కత్తిని గుడ్డలో చుట్టి అటక ఎక్కించినారు, అంతే. ఆ మౌనమే నన్నీ వ్యసనంలోకి దింపింది.

ఆ కత్తి అలుగుమీద, పిడికి దగ్గరగా, పరుగెత్తే జంతువు బొమ్మ ఒకటి చెక్కి ఉన్నది. మా బామ్మ అది నరసింహస్వామి సింహమని దానికే కుంకుమ పెట్టేది. పెద్దయిన తరువాత పుస్తకాలు తిరగవేస్తే తెలిసింది, అది తోడేలు! జర్మనీ దేశంలోని పస్సావు, సోలింగెన్ కమ్మరుల ముద్ర. ఐరోపా అలుగులు ఓడలమీద మన రేవులకు దిగేవి. ఇక్కడివారు వాటికి తమ పిడులు అమర్చుకునేవారు. అందుకే అటువంటి దానికి ఫిరంగి కత్తి అని పేరు. ఈ సంగతి మా వాళ్ళకు చెబితే కొందరికి కోపం వచ్చింది. అందులో చిన్నతనమేమున్నది? మన తెలంగాణంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కుకోసం పారశీక వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. గోలకొండ రాజ్యపు ఉక్కు మచిలీపట్నం రేవునుంచి ఓడలెక్కింది. మన ఉక్కు వారి చేతికి, వారి అలుగు మన పిడికి!

ఇక తంజావూరు మాట. అక్కడ తెలుగు నాయకరాజుల పాలన 1673తో ముగిసింది, తరువాత మరాఠా రాజులు వచ్చినారు. 1855లో రెండవ శివాజీ మగసంతు లేకుండా పోవడంతో ఇంగ్లీషువారు ఆ సంస్థానాన్ని కలుపుకున్నారు. కోటలో తరతరాల ఆయుధాలు గుట్టలుగా ఉన్నవి. 1863 ప్రాంతంలో వాటిలో మేలైనవి కొన్ని ఏరి మద్రాసు మ్యూజియానికి చేర్చి, మిగిలినవాటిని విరగగొట్టి పాత ఇనుము క్రింద అమ్మివేసినారు. వాల్‌హౌస్ అనే ఉద్యోగి ఈ ఆయుధాగారాన్ని గురించి 1878లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్రాసినాడు. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఏరిన వస్తువులను ఎగ్మూరు మ్యూజియంలో ఈనాటికీ చూడవచ్చు. కటారులముందు కాసేపు నిలబడండి. కటారి పిడి అడ్డంగా ఉంటుంది. పిడికిలి బిగించి గుద్దితే ముంజేతి బలమంతా మొనకు చేరుతుంది. తంజావూరు కటారికి వేళ్ళ వెనుకభాగాన్ని కప్పే ఉక్కు పడగ ఒకటి అదనం. దానిమీద యాళి ముఖం, ఆకులు, లతలు. గుడి స్తంభాలమీద శిల్పి రాతిలో చెక్కినదాన్ని కమ్మరి ఉక్కులో చెక్కినాడు. ఇటువంటివి సముద్రాలు దాటి న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూడా ఉన్నవి. జార్జి కామెరాన్ స్టోన్ అనే లోహశాస్త్రజ్ఞుడు ప్రపంచపు ఆయుధాలన్నింటికీ ఒక నిఘంటువు వ్రాసి 1934లో ప్రకటించినాడు. 1935లో చనిపోతూ తన సేకరణను ఆ మ్యూజియానికి వ్రాసి ఇచ్చినాడు.

జపానులోనూ ఇటువంటి కాలం ఒకటి వచ్చింది. 1876లో సాధారణ జనం కత్తి ధరించరాదని ప్రభుత్వం శాసించింది. సమురాయి ఇళ్ళనుంచి కత్తులు అంగళ్ళకెక్కినవి. అయితే వారివద్ద నేర్చుకోదగిన పట్టుదల ఒకటున్నది. పిడిలో దాగే అలుగు తోకమీది తుప్పును వారు ఎన్నడూ తుడువరు. ఆ తుప్పు రంగే వయస్సు చెబుతుంది, కమ్మరి సంతకమూ అక్కడే ఉంటుంది. నా ఇటుకపొడి వారు చూచి ఉంటే!

పోయిన సంవత్సరం మా బంధువుల ఇల్లొకటి పడగొట్టినారు. అక్కడ పడగ ఉన్న కటారి ఒకటి ఉండేదని నాకు జ్ఞాపకం. కబురందుకొని వెళ్ళేసరికి ఇత్తడి సామానుతో కలిపి తూకానికి వేసివేసినారు. కొట్టువాడిని అడిగితే, బండి వెళ్ళిపోయిందండీ అన్నాడు. 1863లో పరాయి ప్రభుత్వం చేసిన పనే మనమూ చేసినాము. ఈసారి నింద మోపడానికి పరాయివాడు కూడా లేడు.

కనుక నేను కోరేది స్వల్పం. మీ ఇళ్ళల్లో ఇటువంటి వస్తువు ఉంటే తోమకండి. పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాసి, తోలు ఒర నుంచి వేరుగా ఉంచండి. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. అది ఎవరిది, ఏ ఊరునుంచి వచ్చింది అని పెద్దవారిని అడిగి ఒక చీటీ వ్రాసి దానికి కట్టండి. చీటీ లేని కత్తి సగం మూగది. నూరేండ్లు దాటినదైతే 1972 నాటి చట్టం ప్రకారం అది పురావస్తువు. విదేశాల్లో ఉన్న అబ్బాయికి బహుమానంగా పంపడానికి వీలు లేదు. ఉంచుకోలేమనుకుంటే తూకానికి వేయకముందు మ్యూజియంవారికి ఒక జాబు వ్రాయండి, లేదా నాకు కబురు చేయండి. బండి వెళ్ళకముందే సుమండీ.

మా కత్తి పిడిమూల గోరంత బంగారం ఇంకా మిగిలి ఉన్నది. పోయిన ఆయుధపూజకు దానిని తుడిచే పని మా మనుమడు పుచ్చుకున్నాడు. పొడిగుడ్డ చేతికిచ్చి పక్కనే కూర్చున్నాను.