వంకర ముక్కు ప్లయర్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 సభ అంటే 1982 నాటి నకారా కేసు తీర్పును తలచుకోవడం, కరువు భత్యం గురించి మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీకు చేతనైన పనేదైనా పదిమందికీ పనికొచ్చేట్టు చెప్పండి" అన్నారు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్‌గా చేరి ఆ పనిలోనే రిటైరైనవాడిని. నాకు తెలిసినవల్లా పనిముట్లు. అందులో ఒక్కదాని గురించే మాట్లాడతాను. దాని పేరు బెంట్ నోస్ ప్లయర్.

కటింగ్ ప్లయర్ అందరిళ్ళల్లోనూ ఉంటుంది. దాని మూతి మొద్దు. నోస్ ప్లయర్ మూతి కొంగ ముక్కులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ ముక్కు కొసన ఒక పక్కకు వంగి ఉంటే అది బెంట్ నోస్. మన అమ్మమ్మలు ముల్లు తీయడానికి వాడిన శ్రావణానికి ఇది బలమైన మనవడనుకోండి.

ఆ వంపు ఎందుకని చాలామంది అడుగుతారు. వంపు వల్ల బలం పెరగదు. చూపు దొరుకుతుంది. పాత స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలలో ర్యాకుల వెనక ట్యాగు బ్లాకులు ఉండేవి. వరసకూ వరసకూ మధ్య చిటికెనవేలు దూరదు. తిన్నని ప్లయర్ పెడితే చెయ్యి, పిడి, ముక్కు అన్నీ ఒకే గీతలో ఉంటాయి. మన చెయ్యే మన కంటికి అడ్డం. ఇక ఊహ మీద పని చేయాలి. వంకర ముక్కైతే చెయ్యి ఒక పక్కనుంచి వస్తుంది, కన్ను ఇంకో పక్కనుంచి చూస్తుంది. పట్టుకున్నది ఏ తీగో తెలుస్తుంది. టంకం పెట్టేటప్పుడు ఇంకో లాభం కూడా ఉండేది. తీగను ప్లయరుతో పట్టుకుంటే వేడిని ఆ ఇనుమే లాగేసుకుని, పైనున్న తొడుగు కరగకుండా కాపాడేది.

ఇక కొనడం సంగతి. అంగట్లో 45 డిగ్రీల వంపువీ, 90 డిగ్రీల వంపువీ దొరుకుతాయి. ఇంటికి 45 చాలు. పొడవు ఆరంగుళాలది తీసుకోండి. ఎనిమిదంగుళాలది లోతుకు అందుతుంది కాని, ముక్కు ఎంత పొడుగైతే కొసన పట్టు అంత తగ్గుతుంది. కీలుకు దగ్గరగా పట్టినదానికి బలం ఎక్కువ, కొసన పట్టినదానికి తక్కువ. అడకత్తెరతో వక్కలు కత్తిరించిన ఆడవాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

కొనేముందు ప్లయర్ మూసి వెలుతురుకు ఎత్తి చూడండి. ముక్కు కొసలు రెండూ ముందుగా కలవాలి. వెనక సన్నని సందు కనిపించినా తప్పులేదు. కొసల్లో సందు ఉంటే మాత్రం వెనక్కి ఇచ్చేయండి. గట్టిగా నొక్కినప్పుడు కొసలు ఒకదాని మీదినుంచి ఒకటి జారకూడదు. కీలు అటూ ఇటూ ఊగకూడదు. వేళ్ళు బిగుసుకుపోయే కీళ్ళ నొప్పులున్నవారు పిడుల మధ్య స్ప్రింగు ఉన్నది తీసుకుంటే, దానంతటదే తెరుచుకుంటుంది. ధర చూసి కాదు, మీ చేత్తో పట్టి చూసి కొనండి. మా అబ్బాయి చేతికి సరిపోయేది నా చేతికి సరిపోదు.

పిడుల మీద ఎర్రగానో పచ్చగానో ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అది చాలావరకు చెయ్యి జారకుండా ఉండడానికే. కరెంటును ఆపుతుందని నమ్మకండి. నిజంగా ఆపే రకం మీద 1000 వోల్టులని, దాని పక్కన రెండు త్రికోణాల గుర్తు ముద్రించి ఉంటుంది. అది చేతిలో ఉన్నా సరే, కరెంటు ఉండగా పని చేయమని నేను చెప్పను.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ ప్లయర్ మన ఇళ్ళల్లో ముఖ్యంగా పనికొచ్చేది సీలింగ్ ఫ్యాను దగ్గర. మా కాలనీలో ఒక మిత్రుడి ఇంట్లో ఫ్యాను టకటకమంటోందంటే వెళ్ళాను. పై కప్పు కిందికి జార్చి చూస్తే, స్ప్లిట్ పిన్ను ఉండవలసిన రంధ్రంలో రాగి తీగ ముక్క మెలిపెట్టి ఉంది. అది అరిగి తెగిపోయింది. నట్టు సగం వెనక్కి వచ్చేసింది. సరిగ్గా దాని కిందే ఆయన మంచం. బిగించినవాడి దగ్గర ఆ ఇరుకులోకి పిన్ను దూర్చే సాధనం లేక, చేతికందిన తీగతో సరిపెట్టి ఉంటాడు.

ఫ్యాను తిరిగేటప్పుడు సన్నని అదురు ఉంటుంది. ఆ అదురుకు నట్టు మెల్లమెల్లగా వదులవుతుంది. అది పూర్తిగా ఊడిపోకుండా ఆపేది ఆ చిన్న పిన్నే. పైన కొక్కెం దగ్గర ఒకటి, కింద మోటారు మెడ దగ్గర ఒకటి ఉంటాయి. కప్పులు జార్చి చూస్తే రెండూ కనిపిస్తాయి, ఫ్యాను దించనక్కరలేదు.

ముందుగా కరెంటు. ఫ్యాను స్విచ్చి ఆపితే చాలదు. కొన్ని ఇళ్ళల్లో స్విచ్చిని న్యూట్రల్ మీద కట్టి ఉంటారు. రిమోట్ ఫ్యాన్లను రిమోట్‌తో ఆపినా లోపలికి కరెంటు వస్తూనే ఉంటుంది. మెయిన్ ఆపాలి. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, ఇది చాలామంది మరచిపోయే సంగతి! మన ఇళ్ళల్లో ఇన్వర్టర్‌కు కట్టేవే ఫ్యాన్లూ లైట్లూ. కనుక మెయిన్ ఆపిన తరువాత ఇన్వర్టర్ కూడా ఆపాలి. టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకుని, అన్నీ ఆపాక ఫ్యాను తీగల దగ్గర పెట్టి చూడాలి.

పాత పిన్ను తీయాలంటే, విడదీసిన కాళ్ళను ప్లయర్ కొసతో తిన్నగా చేసి, తల వైపు ఉంగరం పట్టి లాగండి. దాన్ని మళ్ళీ వాడకండి. ఒకసారి వంచి తిన్నగా చేసిన కాలు రెండోసారి వంచితే విరగవచ్చు. కొత్త పిన్ను రంధ్రానికి సరిపడా లావుండాలి. తలను కొసతో పట్టి దూర్చి, అవతలినుంచి కాళ్ళు పట్టి తల ఆనేదాకా లాగి, ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి వంచండి. పైకప్పుకూ ఫ్యానుకూ మధ్య జానెడు సందులో ఇవన్నీ కంటితో చూస్తూ చేయగలిగేది ఈ వంపు వల్లనే. రబ్బరు పగిలినా, బోల్టు అరిగినా ఫ్యాను దించవలసిందే. అది ఎలక్ట్రీషియన్ పని.

నిచ్చెన ఎక్కేది మనం కాదు. కొడుకో, మనవడో, మనవరాలో ఎక్కాలి. మనం కింద నిచ్చెన పట్టుకుని చెబుతుండాలి. డెబ్బయి దాటినవాడు స్టూలు మీదినుంచి పడితే ఏమవుతుందో ఈ సభలో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొన్ని మాటలు త్వరగా చెబుతాను. దీనితో నట్టు తిప్పకండి. నట్టు మూలలు అరుగుతాయి, ముక్కు మెలితిరుగుతుంది. దానికి స్పానర్ ఉంది. సైకిలు పుల్లలు, స్ప్రింగులు కత్తిరించకండి. ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర పని చేసేటప్పుడు ఉంగరం, గడియారం తీసి పెట్టండి, ప్లయర్ రెండు టెర్మినళ్ళకూ ఒకేసారి తగలనివ్వకండి. 12 వోల్టులే కదా అనుకోవద్దు, ఉంగరం క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. పసిపిల్లలు ముక్కులో శనగగింజ పెట్టుకుంటే దీనితో తీయబోయేవారు ఉన్నారు. గింజ ఇంకా లోపలికి పోతుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కుట్టు మిషను బాబిన్ కింద చిక్కుకున్న దారం మాత్రం నిశ్చింతగా తీయండి, మిషను ఆపి.

నెలకోసారి కీలు దగ్గర మిషను నూనె ఒక్క చుక్క వేసి తుడిస్తే తుప్పు పట్టదు.

ఆ మూల బల్ల మీద నావి రెండు సైజులు పెట్టాను. భోజనాల తరువాత పట్టుకుని చూడండి. స్ప్లిట్ పిన్నులు కూడా ఒక పొట్లం తెచ్చాను, రెండు మూడు లావులవి ఉన్నాయి. కావలసినవారు ఉచితంగా తీసుకువెళ్ళవచ్చు.

సెలవు.