ఉపకార వేతనంలో ఉపకారమెంత?

(ఆదివాసీ పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్పులపై చేసిన ప్రసంగ పాఠం)



పేద విద్యార్థి చదువుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్మును మనం 'ఉపకార వేతనం' అంటున్నాము. పొరపాటు ఆ పేరులోనే ఉంది. ఉపకారమైతే ఇచ్చేవారి ఇష్టం. ఎప్పుడిస్తే అప్పుడు పుచ్చుకోవాలి, ఆపితే అడగరాదు. ఆదివాసీ పరిశోధకుల ఫెలోషిప్ అటువంటిది కాదని మనవి చేయడానికే మీ ముందు నిలిచాము.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు తెగలవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. దేశ అక్షరాస్యత 73 శాతం కాగా వారిలో అది 59 శాతమే. బడి గడపలోనే ఇంత అంతరం ఉంటే, పీహెచ్‌డీ దాకా వచ్చేవారెందరో ఊహించవచ్చు. అలా వచ్చినవారి కోసం 2005-06లో జాతీయ ఫెలోషిప్ మొదలైంది. నేడు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా కొత్తగా కేటాయిస్తున్నవి 750. విదేశీ విద్యకు ఇచ్చేవి ఏటా 20 మాత్రమే.

ఈ సొమ్ము ఎందుకు ముఖ్యమో మన ఆదిలాబాద్ చెబుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరువాత, గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుని సాయం తీసుకుంది. ఆయన కృషి విలువైనదే. అయితే తన జాతి చరిత్రను తానే రాసుకునే అవకాశం నాటి గోండు బిడ్డకు లేదు. 2006లో అదే ప్రాంతంలోని గుంజాల గ్రామంలో గోండి లిపి రాతప్రతులను హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఆ రాతల లోతు తెలియాలంటే, ఇంట్లో గోండి మాట్లాడుతూ పెరిగిన పరిశోధకులు కావాలి. వారు అయిదేళ్లపాటు నిశ్చింతగా చదువుకోగలగాలి.

ఇంటినుంచి డబ్బు తెప్పించుకోగల విద్యార్థికి ఫెలోషిప్ ఆలస్యమైతే చికాకు మాత్రమే కలుగుతుంది. పోడు భూమిపై బతికే ఇంటి బిడ్డకు ఆ ఆలస్యమే చదువు మానుకొమ్మనే ఆజ్ఞ. మెస్సు బాకీ పెరుగుతుంది, ఊళ్లో అప్పు పుడుతుంది, చివరకు పుస్తకం మూసి కూలికి పోవలసి వస్తుంది. కాబట్టి ఎంత ఇస్తున్నారన్నదే కాదు, నెలనెలా ఇస్తున్నారా అన్నదీ ప్రశ్నే.

ఈ బాధ మనకు కొత్త కాదు. ముస్లింలతో సహా మైనారిటీ వర్గాల పరిశోధకులకు 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేసినట్లు కేంద్రం 2022 డిసెంబరులో లోక్‌సభకు తెలిపింది. ఇతర పథకాల ప్రయోజనాలే ఇందులోనూ ఉన్నాయన్నది చెప్పిన కారణం. ఒకే విద్యార్థి రెండుచోట్ల పుచ్చుకోకుండా చూడవచ్చు. అందుకు పథకాన్నే ఎత్తివేయనక్కరలేదు.

'వారిది ఉంది, మనది పోయింది' అని మనలో కొందరు అంటున్నారు. ఆ మాట తగదు. ఆదివాసీకి దక్కినది మన వాటాలోంచి తీసినది కాదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, ఇతర బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడమని రాజ్యాంగం 46వ అధికరణం ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. మరొకటి మరువరాదు. లక్షద్వీప్ ముస్లింలు, జమ్ము కాశ్మీరులోని గుజ్జర్, బకర్వాల్ ముస్లింలు షెడ్యూల్డు తెగలవారే. ఆ ఫెలోషిప్ తగ్గితే నష్టపోయేవారిలో వారూ ఉంటారు.

మనం కోరవలసినవి మూడు. నిర్ణీత తేదీన నెలనెలా చెల్లింపు జరగాలి. అర్హుల సంఖ్యకు తగినట్లు ఫెలోషిప్పులు పెరగాలి. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి. ఈ మూడింటినీ ఒకే వినతిపత్రంలో రాద్దాము. ఆదివాసీ విద్యార్థి సంఘాల సంతకాలూ మన సంతకాలూ దానిపై పక్కపక్కనే ఉండాలి.