పాత లెక్క – కొత్త చట్రము

విజయవాడనుండి మద్రాసు వైపు పోవు రైలుమార్గమున, ఒంగోలు దాటిన పిమ్మట సింగరాయకొండ వచ్చును. ఆ ఊరి వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయమును శ్రోతలలో పలువురు దర్శించియే యుందురు. 1970కి పూర్వము ఈ ఊరు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేడు ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. ఊరు కదలలేదు, కొండ కదలలేదు. కచేరీ కవిలెలలో చిరునామా మాత్రము రెండుమార్లు మారినది.

ఇట్టి మార్పే ఇటీవల కంప్యూటరు లోకమునను జరిగినది. ఆ ఊరి యువకు డొకడు మాకు చెప్పిన అనుభవముతో కలిపి ఆ కథను నేడు శ్రోతలకు విన్నవింప దలచితిమి.

వర్తకుని చిట్టా పుస్తకమువలె కంప్యూటరు కూడ లెక్కలను వరుసలుగను, గళ్ళుగను పట్టికలలో దాచుకొనును. ఈ పద్ధతికి పునాది వేసినవాడు ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్. ఆయన వ్యాసము వెలువడినదియు 1970లోనే. అయితే ప్రోగ్రాము వ్రాయువారు పట్టికలలో ఆలోచింపరు. వారికి రైతు ఒక వస్తువు, బస్తా ఒక వస్తువు, రసీదు ఒక వస్తువు. పట్టికల భాష వేరు, వస్తువుల భాష వేరు. ఈ రెంటి నడుమ దుబాసీ యొకడు కావలెను. 2001లో గావిన్ కింగ్ ప్రారంభించిన హైబర్నేట్ అట్టి దుబాసీలలో పేరొందినది. అది జావా భాషకు చెందినది. దాని మూలము ఎల్లరకును తెరచియే యున్నది. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, రుసుము లేక వాడుకొనవచ్చును.

ఈ దుబాసీ పాటించు నియమములకు 'జావాక్స్' అను ఇంటిపేరు ఉండెడిది. జావాను సృష్టించిన సన్ సంస్థను 2010లో ఒరాకిల్ సంస్థ కొనెను. 2017లో ఆ నియమావళి నిర్వహణను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగింప నిశ్చయించెను. ఇల్లు అప్పగించిరి గాని ఇంటిపేరు అప్పగింపలేదు. ఆ పేరు క్రింద కొత్త నియమములు చేర్చుటకు వీలులేదని 2019లో తేలిపోయెను. అందుచేత 2020 డిసెంబరులో వెలువడిన జకార్తా ఈఈ 9 నియమావళిలో ఇంటిపేరు 'జకార్తా' అని మారినది. 2022 మార్చిలో వచ్చిన హైబర్నేట్ 6 ఈ కొత్త పేరునే గ్రహించినది. ఆ యేడే నవంబరులో స్ప్రింగ్ బూట్ అను చట్రము యొక్క మూడవ అవతారము దానిని ఆధారము చేసికొని వచ్చినది. పాత చట్రములో తుదిదైన 2.7కు ఉచితముగా అందుచుండిన మరమ్మతులు 2023 నవంబరుతో ముగిసినవి. తలుపు గడియ పాడైనచో బాగుచేయువాడు లేని ఇంట ఎంతకాలము కాపురముండగలము? మార్పు తప్పనిది యైనది.

సింగరాయకొండలో తన ఇంటనుండియే పనిచేయు ఆ యువకుడు గుంటూరు వైపున ఒక కోల్డు స్టోరేజీ ప్రోగ్రామును కొత్త చట్రములోనికి మార్చు పనికి పూనుకొనెను. మిరప రైతులు తమ టిక్కీలను అచట దాచి బాండు పొందుదురు. ఆ బాండును చూపి బ్యాంకులో అప్పు తెచ్చుకొందురు. కనుక బాండు మీది నంబరు రైతుకు ప్రాణమువంటిది. యువకుడు ఇంటిపేర్లన్నియు ఓపికతో మార్చెను. ఖాళీ పట్టికలతో పరీక్షించెను. అంతయు సరిగానే నడచినది. మరునాడు ఉదయము కొత్త ప్రోగ్రాము పనిలో ప్రవేశించినది.

మొదట కొన్ని బాండ్లు ఏ చిక్కును లేక వచ్చినవి. పిమ్మట ఒక రైతు వంతు వచ్చినది. ఆయన టిక్కీలు లోపలికి చేరినవి గాని, కంప్యూటరు బాండు ఇయ్యలేదు. ఫోనులో ఆయన అన్న మాట యువకుడు మాకు అట్లే చెప్పెను: "అబ్బాయా, నా టిక్కీలు లోపలికి పోయినయ్యి. నా నంబరు మాత్రం పోనంటందంట!"

దోష మెచట? పాత హైబర్నేట్‌లో, ప్రత్యేకముగా చెప్పనిచో, పట్టికలన్నిటికిని సంఖ్యలు ఒకే ఉమ్మడి వరుసనుండి వచ్చెడివి. ఆరవ హైబర్నేట్‌లో ఒక్కొక్క పట్టికకు ఒక్కొక్క వరుస. ఆ కొత్త వరుసను ప్రోగ్రామే సృష్టించుకొన్నది గనుక లెక్క మరల ఒకటినుండి మొదలైనది. పూర్వము ఉమ్మడి వరుసలోని కొన్ని సంఖ్యలు ఇతర పట్టికలకు పోయి, బాండ్ల పట్టికలో ఖాళీలు మిగిలియుండెను. ఉదయపు బాండ్లు ఆ ఖాళీలలో ఇమిడిపోయినవి. ఈ రైతుకు వచ్చిన సంఖ్య మాత్రము ఎన్నడో మరియొక రైతు కిచ్చినది. ఒకే సంఖ్య ఇరువురి కీయరాదని పట్టిక తిరస్కరించినది. ఆ తిరస్కారము మేలే చేసినది. లేనిచో ఒకరి సరకు మరియొకరి పేర నిలిచెడిది.

ఆ సాయంకాలము వరకు గుమాస్తాలు చేతితో రసీదులు వ్రాసి యిచ్చిరి. యువకుడు పట్టికలోని మిక్కిలి పెద్ద సంఖ్యను కనుగొని, కొత్త వరుస దానికి పైనుండి సాగునట్లు దిద్దెను. పాత ఉమ్మడి పద్ధతియే కావలెనన్న, ఒక్క పంక్తిలో ఆ మాట చెప్పుకొను వెసులుబాటు కూడ హైబర్నేట్ కలుగజేసినది. ఈ సంగతులన్నియు దానిని నడుపువారు వలస వివరణ పత్రములో ముందే వ్రాసి ఉంచిరి. "ఇంటిపేరు మార్పు వరకు చదివి, తక్కినది చదవలేదు సార్" అని యువకుడు మాతో దాపరికము లేక చెప్పెను.

మే మాతనిని, "ఖాళీ పట్టికలతో పరీక్షించినపుడు ఈ దోషము ఏల బయటపడలేదు?" అని అడిగితిమి. "ఖాళీ పుస్తకంలో ఒకటి నుంచి మొదలెడితే తప్పేముంది సార్? పాత లెక్కలున్న పుస్తకంలోనే కదా అది తప్పు!" అని ఆతడు నవ్వెను. ఇపుడాతడు అసలు పట్టికలకు నకలు తీసి, రైతుల పేర్లు మరుగుపరచి, ఆ నకలు మీదనే పరీక్షలు జరుపుచున్నాడట.

పేరు మార్పు కంటికి కనబడును. లెక్క మార్పు కనబడదు. జిల్లా పేరు మారినపుడు బోర్డులు మార్చుట తేలిక. భూమి పత్రములలోని సంఖ్య తప్పిపోకుండ చూచుటయే అసలు పని. కొత్త చట్రమును స్వీకరింపవలసినదే. స్వీకరించుటకు ముందు, పాత పుస్తకములో ఎవరి లెక్క ఎంతవరకు వచ్చినదో చూచుకొనుట మరువరాదు. టిక్కీలు లోపల ఉంచి, బాండు కొరకు గుమ్మము కడ నిలిచిన రైతు మన కంప్యూటరు తెరపై కనబడడు. కాని ఆయన అచటనే యున్నాడు.