హోషేయ ప్రవక్త యింటి కథ



మానవుడు మాట తప్పుటను గూర్చియు, దైవము మాట తప్పకుండుటను గూర్చియు క్రైస్తవ వేదమున అనేక స్థలములయందు చెప్పబడియున్నది. అందు హోషేయ ప్రవక్త మార్గము వేరు. ఇతరులు నోటితో చెప్పినదానిని ఈయన తన సంసారములో అనుభవించి చెప్పెను.

క్రీ.పూ. 8వ శతాబ్దమున ఇశ్రాయేలీయులు రెండు రాజ్యములుగా చీలియుండిరి. ఉత్తర రాజ్యమునకు షోమ్రోను రాజధాని. రెండవ యరొబాము ఏలుబడిలో అచట సిరిసంపదలు మెండుగా నుండెను. ఆ రాజు గతించిన పిమ్మట సుమారు 25 ఏండ్లలో ఆరుగురు సింహాసన మెక్కిరి. వారిలో నలుగురు హత్యకు గురియైరి. ఇట్టి కాలమున, నడత చెడిన స్త్రీని పెండ్లాడుమని హోషేయకు దైవాజ్ఞ యయ్యెను. ఆమె పేరు గోమెరు. ముగ్గురు బిడ్డలు కలిగిరి. పెద్దవాడు యెజ్రెయేలు, పిమ్మట ఆడుబిడ్డ లోరూహామా, అనగా జాలి నొందనిది, కడపటివాడు లోఅమ్మీ, అనగా నా ప్రజ కానివాడు. ఏ తండ్రియు పెట్టదగిన పేర్లు కావివి.

ఇచట నాబోటి పాత బడిపంతులు ఒక మాట చెప్పక యుండలేడు. హెబ్రీ భాషయందు జాలికి వాడు శబ్దమును, గర్భమునకు వాడు శబ్దమును ఒకే ధాతువునకు చెందినవి. మన తెనుగున 'కడుపుతీపి' యను మాట ఆ భావమునకు మిక్కిలి చేరువ. లోరూహామా యనగా ఆ కడుపుతీపికి నోచుకొననిది.

ఆ జాతి చేసిన ద్రోహమేమి? కనాను దేశస్థులు బయలును వాన కురిపించు దేవతగా నెంచి కొలుచుచుండిరి. ఇశ్రాయేలీయులును, పండిన ధాన్యము, ద్రాక్షారసము, తైలము ఇచ్చినవా డెవ్వడో మరచి, అవి బయలు ఇచ్చినవే యని నమ్మిరి. ఇచ్చిన చేయి ఒకరిది. మ్రొక్కిన గడప వేరొకరిది. ఆపద వచ్చినప్పుడు దేవుని తలంపకపోలేదు. ఆ భక్తిని హోషేయ తెల్లవారుజామున కానవచ్చి ఎండ రాగానే విరిసిపోవు మంచుతో పోల్చెను. ఆ జనమును తిరుగవేయని రొట్టె యనెను. అట్టి రొట్టె అడుగున మాడును, పైన పచ్చిగనే యుండును. గుడిలో బలులు, అంగడిలో దొంగత్రాసు!

పెద్దలారా, ఈ కథ విని తప్పంతయు ఆడుదానిదే యని తలయూచువారు కొందరుందురు. వారు నాలుగవ అధ్యాయము చదువవలెను. కుమార్తెలును కోడండ్రును దారి తప్పినందులకు వారిని శిక్షింపనని దేవు డచట పలికెను. ఏలయన పురుషులే వేశ్యల వెంట పోవుచుండిరి. రచ్చలో ఒక స్త్రీని నిలువబెట్టి తీర్పు చెప్పు వేళ ఈ వాక్యము ఎందరికి స్మరణకు వచ్చును? ఈ గ్రంథమున గోమెరు స్థానమున నిలిచినది రాజులు, యాజకులు, వర్తకులు, సేద్యగాండ్రు గల జాతి యంతయును.

మూడవ అధ్యాయమున, పరపురుషుని చేరిన స్త్రీని మరల ప్రేమింపుమని ఆజ్ఞ. ఆమె గోమెరే యని పెక్కుమంది వ్యాఖ్యాతల మతము. హోషేయ 15 తులముల వెండియు, ఒకటిన్నర హోమెరుల యవలును ఇచ్చి ఆమెను కొనెను. మోషే ధర్మశాస్త్రమున, ఎద్దు పొడిచి దాసుడు మరణించినచో యజమానునకు చెల్లింపవలసిన వెల 30 తులములు. వెండి అందులో సగమే. తక్కినది యవలతో సరిపెట్టెనని కొందరి యూహ. చేతనున్న రొక్కము చాలక గాదెలోని గింజలు కొలిచిన గృహస్థుడు నా కన్నులకు కట్టినట్లున్నాడు. తనదైన దానిని తానే వెలయిచ్చి కొనుట! అంతటితో పూర్వపు కాపురము సాగలేదు. బహుదినములు ఎవరిని చేరక నిలిచియుండుమనియు, తానును అట్లే యుందుననియు నియమము పెట్టెను. ఏమియు జరుగనట్లు నటించుట క్షమ కాదు గదా.

ఇట్లు క్షమించుచు పోయినచో పాపమునకు జంకు ఉండునా యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. శిక్ష తప్పలేదు. క్రీ.పూ. 722 ప్రాంతమున షోమ్రోను అష్షూరీయుల వశమయ్యెను. 27 వేలకు మించిన జనులను చెరగొనిపోయినట్లు సర్గోను రాజు శాసనములు చెప్పుచున్నవి. శిక్ష పడెను, సంబంధము మాత్రము తెగలేదు. పదునొకండవ అధ్యాయమున దేవుడు బిడ్డకు నడక నేర్పిన తండ్రివలె మాటలాడుచు, వీరిని ఎట్లు విడువగలనని తల్లడిల్లుచున్నాడు. కోపమును నెరవేర్పకుండుటకు చెప్పిన కారణమో, తాను దేవుడే గాని మనుష్యుడు కాకపోవుటయే! మన ఓర్పు హద్దు దాటినప్పుడు "నేనేమైన దేవుడనా, మనిషినే గదా" యని పగను సమర్థించుకొందుము. ఆ తర్కమునే దేవుడు తన పక్షమున త్రిప్పి చెప్పెను. నా యెరుకలో ఈ గ్రంథమునకు ప్రాణమైన స్థలమిది.

సుంకరులతో కూడి భుజించుచున్నాడని పరిసయ్యులు తప్పుపట్టినప్పుడు, బలికంటె కనికరమే దేవుడు కోరునను హోషేయ వాక్యమునే యేసు వారికి చూపెను. ఆయనను ఎరుగనని మూడుమారులు బొంకినవాడు పేతురు. ఆ పేతురు పేరిటనున్న మొదటి పత్రికలో, ఒకప్పుడు ప్రజ కానివారు ఇప్పుడు దేవుని ప్రజయైరని, ఆ బిడ్డల పేర్లనే తలపించుచు వ్రాయబడియున్నది.

గోమెరు ఆ మీదట ఎట్లు వర్తించెనో గ్రంథము చెప్పదు. బిడ్డల పేర్లు మాత్రము మారినవి. 'లో' యనునది మన సంస్కృతమునందలి నఞ్ వంటి నిషేధము. దానిని తొలగించి, సహోదరులను అమ్మీ యనియు, సహోదరీలను రూహామా యనియు పిలువవలసినదిగా రెండవ అధ్యాయము మొదటనే ఆజ్ఞాపింపబడినది.