ఒకనాటి యాత్ర: ఆత్రేయపురము, ర్యాలి



యాత్ర యనగా దూరదేశగమనమే యని తలచువారు మనలో బెక్కురు. ఉదయమున బయలుదేఱి దీపములవేళకు ఇల్లు చేరదగిన యాత్ర యొకటి గోదావరీతీరమున నున్నది. దానినిగూర్చి నేడు మనవి చేసెదను.

గడచిన కార్తికమాసమున నేను మనుమలను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరమునుండి బయలుదేఱితిని. మొదటి మజిలీ ధవళేశ్వరము. కాటను దొర 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి బూర్తియయ్యెను. దానికి బదులుగా గట్టిన నేటి బారేజీ 1982లో ముగిసెను. కోనసీమను వరిచేల సీమగా జేసినది ఆ కాలువల నీరే. వరి సమృద్ధిగా నున్నచోట బియ్యముతో జేయు వంటలును విలక్షణముగా నుండుట సహజము గదా!

బారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురము చేరితిమి. అచ్చటి పూతరేకుల పేరు విననివారు మనలో నుండరు. పూత యనగా పూయుట. రేకు అనగా పలుచని పొర. పేరులోనే పని యున్నది. నానిన బియ్యమును మెత్తగా రుబ్బి, పాలవలె బలుచ జేయుదురు. బోర్లించిన కుండక్రింద ఎండుటాకుల మంట పెట్టుదురు. పలుచని గుడ్డను ఆ పిండినీట ముంచి కుండవీపుపై ఒక్కమాఱు లాగుదురు. ఱెప్పపాటులో పొర యాఱి కుండనుండి విడివడును. మంట హెచ్చిన మాడును; తగ్గిన నంటుకొనును. కొలత యంతయు చేతిలోనే యున్నది. పిదప రేకులను తడిగుడ్డతో మెత్తబఱచి, నేయి పూసి, చక్కెర గాని బెల్లపుపొడి గాని చల్లి మడతురు. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

అచ్చటికి జేరువనే ర్యాలి గ్రామము. మోహిని కొప్పునుండి పూవు రాలిన చోటు గావున ఆ పేరు కలిగినదని స్థలపురాణము. జగన్మోహినీ కేశవస్వామి మూర్తి యొకే నల్లశిల. ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని. అర్చకులు దీపము పట్టి చూపగా ఆ కొప్పుముడియందలి పనితనము చూచి పిల్లలు నిశ్చేష్టులైరి. స్వామి పాదములకడ నీరు ఊఱుచుండును. ఎదుట ఉమాకమండలేశ్వరుని యాలయము. దేవతలకు అమృతము వడ్డించిన మోహిని కోవెలను, వంటకు బేరుగన్న యూరి ప్రక్కనే చూచుట నాకు మిక్కిలి ముచ్చట గొల్పినది.

అయ్యా, శిలను చెక్కిన చేయి పోయినను శిల నిలిచినది. పూతరేకు అట్లు నిలువదు. ఒక తరము కుండముందు గూర్చుండుట మానినచో, ఆ నేర్పు మరల దొరకదు. అది తల్లి చేతినుండి కూతురి చేతికి వచ్చినదే గాని గ్రంథమున వ్రాసి యుంచినది గాదు. పొగలో, సెగలో దినమెల్ల గూర్చుండి రేకు తీయు ఆ యిల్లాండ్రకు దగిన ప్రతిఫలము ముట్టిననాడే కూతుండ్రు ఆ పని నేర్తురు.

కావున పెద్దలగు మీరు మీ పిల్లలను కోవెలకు గొనిపోవునపుడు ఆ కుండకడకును గొనిపొండు. తినుటకు ముందు చేయుట చూపుడు. బేరమాడక వెల యిండు. అదియు తీర్థయాత్రలో భాగమే.